లేని వంతెన మీదుగా

లూసెర్న్ రైల్వే స్టేషను బయట ఒక పెద్ద రాతి తోరణం ఉంది. దాని కిందుగా ఇటు వెళ్లినా, అటు వెళ్లినా ఒకటే. అది ఎక్కడికీ తీసుకెళ్లదు. 1896లో కట్టిన పాత స్టేషనుకి అది ముఖద్వారం. 1971 ఫిబ్రవరి 5న ఆ స్టేషను తగలబడిపోయింది. తర్వాత గాజుతో, కాంక్రీటుతో కొత్తది కట్టుకున్నారు. ద్వారాన్ని మాత్రం పడగొట్టకుండా, బస్సులు తిరిగే ఆవరణలో వదిలేశారు. నెత్తిన రిచర్డ్ కిస్లింగ్ చెక్కిన శిల్పాలను మోస్తూ అదలాగే నిలబడి ఉంది.

స్విట్జర్లాండులోని ఈ సరస్సు ఒడ్డు ఊరిని ఎవరి సాయమూ లేకుండా కాలినడకన చూడాలనుకునేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. గైడ్లు ఇక్కడ ఆగరు. జెండా ఎత్తిపట్టుకుని గబగబా దాటించేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. నలభైమంది దగ్గర డబ్బు కట్టించుకుని తీసుకొచ్చి, లేని స్టేషను ముందు నిలబెట్టి ఉపన్యాసమిస్తే ఎవరు ఊరుకుంటారు? గైడు చూపించాల్సింది ఉన్నవాటిని. లేనివాటిని చూసే తీరిక తనంతట తాను తిరిగేవాడికే ఉంటుంది.

గుంపుగా ఊళ్లు చూసే అలవాటుకి ఈ ప్రాంతం పుట్టిల్లు లాంటిదే. 1863లో థామస్ కుక్ తొలిసారి ఇంగ్లండు నుంచి యాత్రికుల బృందాన్ని వెంటబెట్టుకుని స్విట్జర్లాండు వచ్చాడు. వాళ్లలో కొందరు లూసెర్న్ దాకా వచ్చి, పక్కనున్న రిగీ కొండెక్కారు. 1871 నాటికి ఆ కొండకి పళ్లపట్టాల రైలే వేసేశారు. ఐరోపాలో అలా కొండెక్కిన మొదటి రైలు అదే. మన సినిమాల్లో హీరో హీరోయిన్లు ఒక చరణంలో మంచులోనూ, మరో చరణంలో సరస్సు ఒడ్డునా ప్రత్యక్షమవడం వెనక ఆ నూట అరవై ఏళ్ల సరంజామా ఉంది. హోటళ్లు, రైళ్లు, పడవలు, తీగమీద వేలాడే పెట్టెలు, అన్నీ అప్పట్నుంచీ ఒకటొకటిగా అమరినవే. పాటలో ఊరిపేరు ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం లేదు. అక్కడ ఊరంటే వెనకాల కట్టిన తెర. కాళ్లతో తిరిగితే ఆ తెర దగ్గరికొస్తుంది. అందులో అతుకులూ చిల్లులూ కనపడతాయి. నాకు ఆసక్తి ఆ చిల్లుల మీద.

స్టేషను నుంచి నీళ్లు రెండు నిమిషాల దూరం. కుడివైపు సరస్సు, ఎడమవైపు అప్పుడే సరస్సులోంచి బయటపడుతున్న రాయిస్ నది. ఆ నదికి అడ్డంగా, తిన్నగా కాక వంకర పోతూ, పైకప్పుతో సహా ఉన్న చెక్కవంతెన పేరు కాపెల్‌బ్రూకె. కేలండర్ల మీదా చాక్లెట్ డబ్బాల మీదా అందరూ చూసిన వంతెనే. పొడవు 200 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు ఇంకా పొడవుండేది, ఒడ్డు పూడ్చుకుంటూ వచ్చినకొద్దీ కత్తిరించుకుంటూ వచ్చారు. అవతలి ఒడ్డుకి చేరడమే పనైతే ఇంత చుట్టుదారి ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. 14వ శతాబ్దంలో దీన్ని కట్టింది దాటడానికి మాత్రమే కాదు. ఊరి గోడ నీటి దగ్గర ఆగిపోతే, సరస్సు మీదుగా పడవల్లో వచ్చేవాడు నేరుగా ఊళ్లోకే వచ్చేస్తాడు. అందుకని గోడనే చెక్కతో నీళ్ల మీదికి పొడిగించారు. పక్కన నీళ్లలో నిలబడ్డ ఎనిమిది పలకల బురుజు వంతెన కన్నా ముందుది. అందులో ఖజానా పెట్టారు, దస్తావేజులు పెట్టారు, ఖైదీలను పెట్టారు, నిజం చెప్పించడానికి చిత్రహింసలూ పెట్టారు. శత్రువు రావడం మానేశాక వంతెన పొడుగునా పూలకుండీలు పెట్టారు.

17వ శతాబ్దంలో కప్పు దూలాల మధ్యనున్న ముక్కోణపు జాగాల్లో చెక్కపలకల మీద బొమ్మలు వేయించారు. చిత్రకారుడు హాన్స్ హైన్రిక్ వేగ్‌మన్. ఊరి కథ, దేశం కథ, ఊరిని కాపాడే సాధువులు లియోడెగార్, మారిస్‌ల కథ. ఒక్కో పలకకీ డబ్బిచ్చిన పెద్దమనిషి వంశచిహ్నం ఆ పలక మీదే ఎక్కింది. మన గుళ్లలో ట్యూబులైటు మీద దాత పేరు రాసినట్టే, సాధువు ఎంత కనపడతాడో దాతా అంతే కనపడతాడు.

1993 ఆగస్టు 18న, అర్ధరాత్రి దాటాక, వంతెన అంటుకుంది. సిగరెట్ పీక పనే అయుండొచ్చన్నారు. నడిమి భాగమంతా పోయింది. బొమ్మల్లో ఎక్కువ భాగం బూడిదయ్యాయి. అటు చివరా, ఇటు చివరా, రాతి బురుజూ మిగిలాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 14 నాటికి వంతెనను మళ్లీ కట్టి తెరిచేశారు. ఎనిమిది నెలలు! ఒక కల్వర్టుకి టెండరు పిలవడానికే అంత కాలం పట్టే లోకం నుంచి వచ్చినవాళ్లం మనం, నోరెళ్లబెట్టడం సహజం. అదంతా ఊరివాళ్ల ప్రేమ అని పుస్తకాలు చెప్తాయి. ప్రేమ లేదనను. రోజూ ఆఫీసుకి దాని మీదుగానే నడిచి వెళ్లేవాళ్లున్నారు మరి. కానీ ఆ చాక్లెట్ డబ్బా మీది బొమ్మ ఒక్క వేసవి లేకపోయినా హోటళ్లకి ఏమవుతుందో లెక్క వేసినవాళ్లు కూడా ఉండే ఉంటారు. ప్రేమా, వ్యాపారమూ ఒకే వైపు లాగితే పని తొందరగా అవుతుంది.

నాకు దానికంటే నచ్చింది ఇంకొకటి. కాలిన బొమ్మల చోట నకళ్లు వేలాడదీద్దామన్న ప్రతిపాదన వస్తే నగరం వద్దంది. అందుకే నడిమి భాగంలో తలెత్తితే వరసగా ఖాళీ ముక్కోణాలు కనపడతాయి. తలెత్తి ఫోను పట్టుకున్నవాళ్లు అక్కడ ఒక్క క్షణం తికమకపడి, మళ్లీ బొమ్మ కనపడేదాకా ముందుకి నడుస్తారు. చెక్కని మళ్లీ చేశారు, ఎందుకంటే దాని మీద నడవాలి. బొమ్మని మళ్లీ చేయలేదు. ఈ గీత ఎక్కడ గీశారో గమనించాకే నాకు ఈ ఊరి మీద గౌరవం మొదలైంది.

అవతలి ఒడ్డున పాత ఊరు. 1606లో పూర్తయిన పురభవనం, దాని కింద కమానుల్లో కూరగాయలూ జున్నూ అమ్మే సంత, రాళ్లు పరిచిన చౌకులు. వైన్‌మార్క్ట్ అనే చౌకు దగ్గర, 1332లో ఈ ఊరు అడవిసీమ రాజ్యాలతో చేయి కలిపి స్విస్ సమాఖ్యలో చేరిన సంగతి చెప్తారు. చుట్టూ ఇళ్ల గోడలనిండా రంగురంగుల బొమ్మలు. అవి చూసి మధ్యయుగం అనుకుని పొంగిపోతాం గానీ, చాలావాటి వయసు నూట యాభై ఏళ్లకి మించదు. యాత్రికులు రావడం మొదలయ్యాకే ఊరు తన ముఖానికి ముసలితనం దిద్దుకుంది. ఇక్కడ ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. కాఫీ మాత్రం తాగొచ్చు, ధర చూడకుండా.

నది పక్కనే కిందికి నడిస్తే నీటి చప్పుడు పెరుగుతుంది. ఇక్కడ ఏటికి అడ్డంగా ఇనుప చట్రం, దానికి ఆనించి దగ్గరదగ్గరగా నిలబెట్టిన చెక్క కడ్డీలు ఉంటాయి. 1859, 60ల్లో కట్టిన నీటికట్ట ఇది. కొండల మీద మంచు కరిగి సరస్సు పొంగితే కొన్ని కడ్డీలు పీకుతారు. చలికాలంలో మట్టం తగ్గితే మళ్లీ దింపుతారు. అదీ చేత్తో. ఇప్పుడు యంత్రపు గేట్లు కూడా తోడొచ్చాయి, కానీ కడ్డీల పని ఇంకా మనుషులదే. 114 చదరపు కిలోమీటర్ల సరస్సు, దాని ఒడ్డునున్న పల్లెలూ, పడవల రేవులూ, అన్నీ ఏ మట్టంలో ఉండాలన్నది ఇక్కడ ఎన్ని కర్రలు నిలబడ్డాయన్న దాని మీద ఆధారపడింది. దీని బొమ్మ ఏ చాక్లెట్ డబ్బా మీదా లేదు. నేను నిలబడి చూస్తున్నంతసేపూ ఒక్క గుంపూ రాలేదు. ఊళ్లోని పాత వస్తువుల్లో ఇంకా జీతానికి పనిచేస్తున్నది ఇదొక్కటేనేమో. పనిలో ఉన్నదాన్ని ఎవరూ కాపాడాల్సిన అవసరం రాదు, బాగుచేసుకుంటూ పోతారంతే.

కట్టకి ఆనుకునే రెండో చెక్కవంతెన, స్ప్రోయర్‌బ్రూకె. ఇదీ కప్పున్నదే, ఇదీ వంకరదే, కాపెల్‌బ్రూకె కంటే పొట్టిది. పక్కనే మిల్లులుండేవి. ఊకా ఎండుటాకులూ ఏట్లో పారబొయ్యాలంటే ఈ వంతెన మీదనుంచే పొయ్యాలని కట్టడి ఉండేది, ఎందుకంటే ప్రవాహంలో ఇది ఊరికి దిగువన ఉంది. ఊరి చెత్త ఊరు దాటాకే నీళ్లలో పడాలన్నమాట. కిందనున్న ఊరి సంగతి కింది ఊరు చూసుకుంటుంది.

అలాంటి చెత్త వంతెనకి కప్పు కింద మృత్యువు నాట్యం వేయించారు. 1626 నుంచి 1635 వరకు కాస్పర్ మెగ్లింగర్ వేసిన బొమ్మలు. మొదట 67 ఉండేవి, ఇప్పటికి 45 మిగిలాయి. ప్రతి పలకలోనూ ఒక ఎముకలగూడు వచ్చి ఒకరి చెయ్యి పట్టుకుంటుంది. గురువుకీ రాజుకీ, వ్యాపారికీ పడుచుపిల్లకీ తేడా లేదు. ఎముకలగూళ్లు మాత్రం మహా హుషారుగా ఉంటాయి. వాయిద్యాలు వాయిస్తాయి, వంగి నమస్కరిస్తాయి, చెవిలో గుసగుసలాడతాయి. చచ్చేవాళ్లే బిగుసుకుపోయి ఉంటారు. అప్పట్లో ఐరోపా ముప్పయ్యేళ్ల యుద్ధంలో మునిగి ఉంది, ప్లేగు ఊళ్లను ఊడుస్తోంది. అలాంటప్పుడు ఈ బొమ్మలు చర్చిలో పెట్టి ఆదివారానికి దాచుకోవచ్చు. వీళ్లు మిల్లుకి పిండి కోసం వెళ్లేవాడి నెత్తిన పెట్టారు. గింజ ఆడించుకోవడానికి వెళ్తూ ఒకసారి, పిండి మూటతో తిరిగొస్తూ ఇంకోసారి చూడాలి. అది క్రూరత్వమా, మర్యాదా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు సైకిలు నడిపించుకుంటూ, చెవుల్లో పాటలు పెట్టుకుని వెళ్తున్న కుర్రకారు ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ల తాతముత్తాతలూ మూడో రోజునుంచి ఎత్తడం మానేసి ఉంటారు.

వంతెన చూసి, మళ్లీ పాత ఊరి ఒడ్డుకే తిరిగొచ్చి ఎడమవైపు గట్టెక్కితే పాత కోటగోడ. మూసెగ్ గోడ అంటారు. సుమారు 870 మీటర్లు, తొమ్మిది బురుజులు, ఒక్కోటి ఒక్కో తీరు. కొన్నిటి మీదికి ఎక్కనిస్తారు, టిక్కెట్టు లేదు. ఈ దేశంలో టిక్కెట్టు లేనివేవో ముందు తెలుసుకోవడం తెలివైన పని. గోడ బయటివైపు పచ్చిక, అందులో జూలు కళ్లమీద పడే ఆవులు మేస్తుంటాయి. గడియారపు బురుజులోని యంత్రం 1535 నాటిది. సరస్సులో చేపలు పట్టేవాళ్లకి కూడా కనపడాలని ముఖం అంత పెద్దది పెట్టారు. దానికో హక్కుంది. ఊళ్లోని మిగతా గడియారాలన్నిటికన్నా ఒక నిమిషం ముందు గంట కొడుతుంది. అన్నిటికన్నా వయసులో పెద్దది కాబట్టి మొదటి మాట దానిది. స్విట్జర్లాండులో, ప్రపంచానికి చేతిగడియారాలు అమ్మే దేశంలో, ఒక ఊరు ఊరంతా ఒక తప్పు టైముని ఇన్ని శతాబ్దాలుగా మర్యాద కోసం భరిస్తోంది. పైన నిలబడి ఆ గంటా, వెనకే నిమిషానికి మిగతా చర్చిల గంటలూ విన్నాను. యంత్రం పళ్లచక్రాలకి దగ్గరగా నిలబడితే ఆ మర్యాద చెవులు చిల్లులు పడేలా ఉంటుందని మాత్రం ముందే చెప్పాలి.

ఈ గోడ మిగలడం చరిత్ర మీది గౌరవం వల్లేనా? ఇలాంటి గోడే నదికి అవతలి ఒడ్డునా ఉండేది. 19వ శతాబ్దంలో ఊరు పెరిగింది, దారికి అడ్డొచ్చింది, కూల్చేశారు. ఇది కొండవాలు మీద ఎవరికీ అడ్డు రాకుండా నిలబడింది కాబట్టి బతికింది. లూసెర్న్‌లో తిరిగేకొద్దీ నాకు ఈ లెక్కే బలపడుతూ వచ్చింది. పాతవి మిగిలేది ఎవరో పూజించడం వల్ల కాదు. పనికొస్తే మిగులుతాయి, అడ్డు రాకపోతే మిగులుతాయి, చూడ్డానికి డబ్బిచ్చేవాళ్లుంటే మిగులుతాయి. పూజ ఆ తర్వాత వస్తుంది.

గోడ దిగి తూర్పుగా వెళ్తే సింహం. పాత ఇసుకరాతి గనిలో, నిలువెత్తు కొండరాతినే తొలిచి చేసిన సింహం. పక్కలో విరిగిన ఈటెతో చచ్చిపోతూ పడుకుని ఉంటుంది. ముందు చిన్న కొలను. నమూనా డెన్మార్క్ శిల్పి బెర్టెల్ తోర్వాల్సన్‌ది, చెక్కింది లూకాస్ ఆహోర్న్. 1821 ఆగస్టు 10న ఆవిష్కరించారు. 1792లో అదే తేదీన పారిస్‌లో ట్యూలరీ రాజభవనం మీద విప్లవకారులు విరుచుకుపడ్డారు. కావలి కాస్తున్నవాళ్లు స్విస్ కిరాయి సైనికులు. 16వ లూయీ అప్పటికే కుటుంబంతో సహా భవనం వదిలి శాసనసభలో తలదాచుకున్నాడు. లేని రాజు కోసం, ఖాళీ భవనం కోసం వీళ్లు పోరాడారు. ఆయుధాలు దించమని ఆయన చీటీ పంపేసరికి ఆలస్యమైపోయింది. వందలమంది చచ్చారు. ఆనాడు సెలవు మీద ఊళ్లో ఉన్న ఆ దళపు అధికారి కార్ల్ ఫైఫర్ పూనుకుని ఈ స్మారకం చేయించాడు.

ఇక్కడ గుంపులు బాగా వస్తాయి. మార్క్ ట్వేన్ దీని గురించి రాసినప్పటి నుంచీ ఇది ఏడవాల్సిన చోటుగా స్థిరపడిపోయింది. సింహం ముఖం చూస్తే నిజంగానే గొంతులో ఏదో అడ్డుపడుతుంది, నేనేమీ మినహాయింపు కాదు. ఉప్పు తిన్నందుకు ప్రాణమిచ్చారు అని మనం అంటాం, లాటిన్‌లో పైన చెక్కిందీ దాదాపు అదే, విశ్వాసమూ శౌర్యమూ అని. కానీ కింద రాసింది చదవాలి. చచ్చిన అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకి పేర్లు లేవు, అంకెలున్నాయి. చచ్చింది 760, బతికింది 350, రోమన్ అంకెల్లో. కొండల్లో ఎకరాకి పండేది చాలక, రెండో కొడుకుని, మూడో కొడుకుని పరాయి రాజుల సైన్యాలకి అమ్ముకున్న దేశం అప్పటిది. ఆ బేరం కుదిర్చిన పెద్ద కుటుంబాలకి లూసెర్న్‌లోనే మేడలు లేచాయి. విశ్వాసం సిపాయిది, కమిషను దొరది. రాతిలో ఆ సంగతి లేదు.

పక్కనే ఒక గైడు తన గుంపుకి చెప్తుంటే చెవి అటు వేశాను. సింహం పడుకున్న గుహ అంచుని దూరంనుంచి చూస్తే పంది ఆకారంలో ఉంటుందట, శిల్పికి డబ్బు సరిగా ముట్టక కసి తీర్చుకున్నాడట. ఈ రెండో ముక్క కట్టుకథే అయుంటుంది. మొదటిది మాత్రం చూశాక ఇక చూడకుండా ఉండలేం, ముక్కూ వీపూ స్పష్టంగా పందే. ఇలాంటివి ఒంటరిగా తిరిగేవాడికి దొరకవు. ఊరికే వినడానికి మాత్రం అవకాశం ఉంటుంది.

సింహానికి ఆనుకునే మంచుయుగపు తోట. 1872లో ఒకాయన ద్రాక్షసారా నిలవ చేసుకోవడానికి సెల్లారు తవ్వించబోతే రాతిలో నున్నటి పెద్దపెద్ద గుంటలు బయటపడ్డాయి. ఇరవై వేల ఏళ్ల కిందట ఈ ఊరంతా హిమానీనదం కింద ఉన్నప్పుడు కరిగిన నీళ్లు సుడి తిరిగి తొలిచిన గుంటలవి. ఆయన సెల్లారు మానుకుని టిక్కెట్లు పెట్టాడు. మరుసటి ఏడే తెరిచాడు. పూజ తర్వాత వస్తుందని ఊరికే అనలేదు.

అక్కడినుంచి సరస్సు వైపు దిగితే హోఫ్ చర్చి, రెండు సూది శిఖరాలతో. 1633 ఈస్టరు నాడు నిప్పంటుకుని శిఖరాలు తప్ప మిగిలిందంతా కాలింది. యుద్ధం మధ్యలోనే మళ్లీ కట్టారు. చర్చి మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా సరస్సు ఒడ్డున బారులు తీరిన హోటళ్లు, చెట్ల వరస, విహారానికి వేసిన విశాలమైన బాట, దూరాన పిలాటస్ కొండ. నేను చూడాలనుకున్నది ఈ చోటనే ఉంది, అంటే లేదు.

ఈ చర్చి మెట్ల దగ్గర్నుంచి పాత ఊరి అంచుదాకా, నీళ్ల మీదుగా, మూడో చెక్కవంతెన ఉండేది. హోఫ్‌బ్రూకె. మూడింటిలోకీ పొడవైనది అదే. కాపెల్‌బ్రూకె దాని ముందు చిన్నది. దానికీ కప్పుండేది, కప్పు కింద బైబిలు కథల బొమ్మలుండేవి. ఊరివాళ్లు సరస్సు గాలి తగులుతూ, తలెత్తితే బైబిలు చదువుకుంటూ ప్రార్థనకి వెళ్లేవాళ్లు. 19వ శతాబ్దంలో ఒడ్డు పూడ్చడం మొదలుపెట్టారు. వంతెన కింద నీళ్లు పోయి మట్టి వచ్చింది. నేల మీద వంతెన ఎవరికి కావాలి? ముక్కముక్కగా తీసేశారు, 1850ల నడుమకల్లా మొత్తం పోయింది. పూడ్చిన నేల మీదే 1845లో ష్వైట్జర్‌హోఫ్ హోటలు లేచింది, తర్వాత మిగతావి. యాత్రికులు గదిలోంచి కొండలు చూడాలి, సాయంత్రం నాలుగడుగులు వేయాలి, అందుకు కావలసింది బాట, వంతెన కాదు.

అలా సిద్ధం చేసిన ఒడ్డుకి థామస్ కుక్ మనుషులు 1863లో వచ్చారు. పదేళ్లు తిరక్కముందే, పాత వంతెనని తీసేయించిన ఆ కొత్తరకం జనం వచ్చి, మిగిలిన రెండు పాత వంతెనలనీ చూసి అబ్బురపడ్డారు. ఆ తర్వాత వాటిని ముట్టుకునే సాహసం ఎవరూ చేయలేదు. ఏ చేయి తీసేసిందో, ఆ చేయే కాపాడింది. నేను ఆ బాట మీద చర్చి నుంచి పాత ఊరి వైపు, వంతెన పోయిన గీతని ఊహించుకుంటూ నడిచాను. ఆనవాలు ఏమీ దొరకదు. చెస్ట్‌నట్ చెట్ల కింద ముసలివాళ్లు బల్లల మీద కూర్చుని బాతులకి తిండి వేయకూడదన్న బోర్డు పక్కనే బాతులకి తిండి వేస్తున్నారు.

బాట ష్వానెన్‌ప్లాట్జ్ చౌకులో ముగుస్తుంది. టూరిస్టు బస్సులు ఆగేదీ, గడియారాల దుకాణాలు బారులు తీరేదీ ఇక్కడే. ఒక బస్సులోంచి దిగినవాళ్లలో అరవై దాటిన దంపతులు. నేను ఫోనులో మాట్లాడుతుంటే విన్నట్టున్నారు, ఆయన దగ్గరికొచ్చారు.

"తెలుగువాళ్లాండీ? మాది భీమవరం దగ్గర. మాకు నలభై నిమిషాలే ఇచ్చారు. అందరూ వాచీల కొట్లోకి వెళ్లారు. ఇక్కడ చూడాల్సింది ఏదైనా ఉందా?"

"సింహం ఉందండీ, కానీ వెళ్లి రావడానికి సరిపోదు. వంతెన దగ్గరే, అదిగో."

"ఆ వంతెన ఎన్నాళ్లదండీ?" అని ఆవిడ.

"ఆరు వందల ఏళ్ల పైమాటే. మధ్యలో కాలిపోయిందండీ, 1993లో. మధ్య భాగం కొత్తది, అటు చివరా ఇటు చివరా పాతవి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "అంటే మధ్యలో దిగితే ఫొటో బాగా వస్తుంది, చివర దిగితే పాతది వస్తుంది."

"అంతేనండీ."

"చివరే దిగుదాం పద," అన్నారు ఆవిడ. "మధ్యలో దాకా నడిచే ఓపిక కూడా లేదు."